వార్మర్ మీద పడుకోబెట్టిన బొమ్మ

కొత్తగా ఉద్యోగంలో చేరిన నర్సులు చోడవరంలో మా ఇంటికి వచ్చినప్పుడు తప్పకుండా ఒక ప్రశ్న అడుగుతారు. "మేడమ్, మీ సర్వీసు మొత్తంలో మర్చిపోలేని కేసేది?" కవలల కాన్పో, పాముకాటో చెబుతానని వాళ్ళ ఆశ. అవీ ఉన్నాయి. ముప్ఫై ఒక్క ఏళ్ళు చేసినదాన్ని, లేకేం. కానీ నేను మర్చిపోలేని కేసు చెప్పాలంటే ముందు ఒక అభ్యర్థి గురించి చెప్పాలి. ఓట్లకి నిలబడ్డ మనిషికీ కాన్పు గదికీ సంబంధమేమిటని మీకు అనిపించవచ్చు. నాకూ అప్పట్లో అలాగే అనిపించింది.

నేను అప్పుడు వడ్డాదికి అవతల, లోపలి ఊళ్ళలో ఒకచోట ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో స్టాఫ్ నర్సుని. ఊరి పేరు రాయను. రిటైర్మెంటుకి ఇంకా రెండేళ్ళుంది. ఎన్నికలు దగ్గరపడుతున్నాయి. కోడ్ ఇంకా రాలేదు గానీ, టికెట్ ఎవరికన్నది ఊరూరా తెలిసిపోయింది.

ఆయన రాజకీయాలకి కొత్త. విశాఖపట్నంలో వ్యాపారాలు చేసి బాగా పైకొచ్చి, ఉన్నట్టుండి పుట్టిన ప్రాంతం మీద ప్రేమ పుట్టి చోడవరంలో ఇల్లు కట్టాడు. మిగతా నాయకుల్లా గొంతు చించుకునేవాడు కాదు. సభలో తెర కట్టి, బొమ్మలు వేసి చూపించేవాడు. వైద్యం, విద్య, వ్యాపారం అని మూడు మాటలు. మండలానికో ఇరవై నాలుగు గంటల ఆస్పత్రి, అందులో పుట్టిన పిల్లలకి ప్రత్యేక వార్డు. ఊరికో కంప్యూటర్ బడి. ఇంటికో ఆడమనిషిని వ్యాపారస్తురాలిని చేయడం. మన బెల్లం డబ్బాల్లో పెట్టి విదేశాలకు పంపించడం. విన్నవాళ్ళు నోళ్ళు తెరిచేవాళ్ళు. నిజం చెప్పొద్దూ, మొదటిసారి నేనూ తెరిచాను.

ఆ నోరు మూతపడింది ఆయన మా ఆస్పత్రికి వచ్చిన రోజున. జనం కష్టాలు వింటానని ఊళ్ళు తిరుగుతూ మా వరండాలోకి వచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో ఫోను, వెనక ఇద్దరు రాసుకునేవాళ్ళు. చాలా మర్యాదగా నమస్కారం పెట్టాడు.

"చెప్పండమ్మా. ఈ ఆస్పత్రికి ఏం కావాలి?"

"ఇంకో నర్సు కావాలండి. ముగ్గురుండాల్సిన చోట ఇద్దరమే ఉన్నాం. మోటారు పాడైపోయింది, కాన్పు గదిలోకి బిందెలతో నీళ్ళు మోసుకుంటన్నాం."

"గుడ్ పాయింట్. మరి బెడ్లు?"

"ఉన్న ఆరు బెడ్లూ నిండవండి. రాత్రి డ్యూటీకి మనిషి లేక కేసులన్నీ అనకాపల్లి పంపించీడమే. మనుషులుంటే బెడ్లు అవే నిండుతాయి."

ఆయన శ్రద్ధగా తలూపాడు. తర్వాత వెనక్కి తిరిగి రాసుకునే కుర్రాడితో అన్నాడు. "బెడ్లు వంద అని రాయి."

నేను నవ్వేశాను. ఆయనా నవ్వాడు. ఆయన ఎందుకు నవ్వాడో నాకు ఇప్పటికీ తెలీదు.

తర్వాత రెండు నెలలకి, మాకు మూడు కిలోమీటర్ల దూరంలో రోడ్డు పక్కన ఒక రేకుల షెడ్డు లేచింది. మూడు గదులు. ఆరోగ్యం, విద్య, ఉపాధి అని మూడు బోర్డులు. గెలిస్తే ప్రతి మండలంలోనూ ఇలాంటిదే కడతానని జనానికి చూపించడానికి నమూనా అన్నమాట. గోడలు లేచాయి, రంగులు పడ్డాయి. లోపల పెట్టడానికి మాత్రం ఏమీ లేదు.

ఒక మంగళవారం ఉదయం మా డాక్టరుగారు నన్ను గదిలోకి పిలిచారు. ఆయన గురించి ఒక మాట చెప్పాలి. చెయ్యి మంచిది. రోగిని విసుక్కునేవారు కాదు. కానీ ఎవరైనా పెద్దవాళ్ళ పేరు చెబితే చాలు, కుర్చీలో ముందుకి జరిగి కూచునేవారు.

"సిస్టర్, మన లేబర్ రూంలో వార్మరు, సక్షన్ మిషను, ఒక ఆక్సిజన్ సిలిండరు ఇవాళ ఆ కొత్త బిల్డింగుకి పంపించాలి. ప్రారంభోత్సవం. సాయంత్రానికి తెచ్చేస్తారు."

"కేసులొస్తే ఏం చెయ్యాలి సార్?"

"ఒక్కరోజులో ఏం కేసులొస్తాయమ్మా?"

"అయితే చిన్న కాగితం రాసివ్వండి సార్. రిజిస్టర్లో పెట్టుకుంటాను."

ఆయన కళ్ళజోడు తీసి నా వైపు చూశారు. "ఇన్నేళ్ళ సర్వీసున్నదానివి. నా మాట మీద నమ్మకం లేదా?"

ఉంది సార్ అన్నాను. అదీ నేను చేసిన మొదటి తప్పు. పిల్లలూ, బాగా వినండి. నమ్మకం లేక కాదు కాగితం అడిగేది. రేపు ఆ మాట అన్న మనిషికే అది గుర్తుండాలని అడుగుతాం.

వార్మర్ అంటే మీకు తెలిసిందే. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను: పుట్టిన బిడ్డను వెచ్చగా ఉంచే చక్రాల బల్ల. పైన హీటరు, కింద సొరుగు. నలుగురు కుర్రాళ్ళు వచ్చి వ్యాన్లో ఎక్కించుకుపోయారు. నేను దగ్గరుండి, "జాగర్త బాబూ, అద్దం పగులుద్ది" అని చెప్పి మరీ పంపాను. సొరుగు మాత్రం తెరిచి చూడలేదు.

సాయంత్రానికి రాలేదు. పెద్ద నాయకుడెవరో రావడం గురువారానికి మారిందట. బుధవారం మధ్యాహ్నం మా చిన్న నర్సు కాన్పు గది సర్దుతూ అడిగింది. రెండేళ్ళ సర్వీసు ఆ పిల్లది. చురుకైనదే గానీ అప్పటికింకా నేను పక్కనుంటేనే ధైర్యం.

"మేడమ్, బ్యాగ్ ఏదీ?"

బ్యాగ్ అంటే పుట్టిన బిడ్డ ఏడవకపోతే, ఊపిరి తీసుకోకపోతే, ముక్కూ నోరూ కలిపి మాస్కు పెట్టి గాలి కొట్టే చిన్న రబ్బరు సంచి. అరచేతిలో పట్టేస్తుంది. వార్మర్ కింద సొరుగులో ఉంటుంది. అంటే దాంతోపాటే పోయింది. మా దగ్గర రెండోది ఉంది గానీ దాని మాస్కు చిరిగిపోయి ఉంది. కొత్తదానికి రాసి రెండు నెలలైంది, రాలేదు.

ఆ షెడ్డు దగ్గర ఉన్న కుర్రాడికి ఫోన్ చేశాను. "సొరుగు మేం ముట్టుకోలేదు మేడమ్. రేపు ప్రోగ్రాం అయిపోగానే అన్నీ ఒక్కసారే పంపించెస్తాం" అన్నాడు.

ఆ సాయంత్రం డ్యూటీ దిగాక నేను స్వయంగా వెళ్ళి తెచ్చుకోవచ్చు. ఆటోలో పది నిమిషాలు. వెళితే చోడవరం బస్సు తప్పిపోతుంది. తర్వాతది గంటన్నరకు గానీ లేదు. కాళ్ళు పీకుతున్నాయి. రేపు ఒక్కపూటే కదా అనుకున్నాను. బస్సెక్కి ఇంటికి పోయాను.

గురువారం పొద్దున్న తొమ్మిదింటికి ఆ అమ్మాయి వచ్చింది. ఇరవై ఏళ్ళుంటాయి. తొలిచూలు. భర్త గాజువాకలో ఫ్యాక్టరీలో కాంట్రాక్టు పని చేస్తాడు. ఈమె కాన్పుకి కన్నవారింటికి వచ్చింది. తల్లి చెరుకు నరికే మనిషి. ఆ రోజు పని మానుకుని కూతుర్ని తీసుకొచ్చింది. అన్నీ బాగున్నాయి. నొప్పులు బాగున్నాయి, బిడ్డ గుండె బాగుంది. ఆ అమ్మాయి నొప్పుల మధ్యలో నవ్వుతోంది కూడా. "సిస్టరమ్మా, మీ సేతి మీదే మా అమ్మ నన్ను కన్నాదంట" అంది. తల్లి అవునన్నట్టు తలూపింది. నాకు గుర్తులేదు. కాని సంతోషమేసింది.

పదిన్నరకి ఉమ్మనీరు పోయింది. పచ్చగా ఉంది. అంటే కడుపులోనే బిడ్డ ఇబ్బంది పడుతోందన్నమాట. గుండె కొట్టుకోవడం తగ్గడం మొదలైంది. అంబులెన్సుకి ఫోన్ చేస్తే అది వేరే కేసు మీద దూరంగా ఉంది, గంట పడుతుందన్నారు. డాక్టరుగారికి చేశాను. ఎత్తలేదు. మళ్ళీ చేశాను. ఆయన అక్కడ వేదిక మీద ఉన్నారు. అటెండర్నీ అక్కడికే పంపించేశారు. ఆస్పత్రిలో మిగిలింది నేనూ, చిన్న నర్సూ, ఆయమ్మా.

పుట్టగానే ఆ బిడ్డకి బ్యాగ్ కావాలని నాకు తెలుసు. ఆయమ్మను పంపితే ఆ జనంలో ఎవరూ ఆమెను లోపలికి రానివ్వరు. చిన్న నర్సుని పంపినా అంతే. తొలికాన్పు, ఇంకా కనీసం ముప్పావు గంట పడుతుందని లెక్కేసుకున్నాను.

"నేను ఇరవై నిమిషాల్లో వచ్చేస్తాను. గుండె చూస్తూ ఉండు. ఎడమపక్కకి తిప్పి పడుకోబెట్టు. భయపడకు" అని చెప్పాను.

"నన్నొదిలి ఎల్లకండి మేడమ్" అంది ఆ పిల్ల. కళ్ళలో నీళ్ళున్నాయి.

వెళ్ళాను. అది సరైన పనో కాదో ఇన్నేళ్ళయినా తేల్చుకోలేకపోతున్నాను.

షెడ్డు ముందు షామియానా, మైకులు, రోడ్డుకి అడ్డంగా బళ్ళు. ఆటో ఆపేసి పరుగెత్తాను. అభ్యర్థి మాట్లాడుతున్నాడు. తెర మీద తళతళలాడే ఆస్పత్రి బొమ్మ.

"ఇక మీ ఊళ్ళో పుట్టిన ఏ బిడ్డా విశాఖపట్నం దాకా వెళ్ళక్కర్లేదు. ఇక్కడే, మీ గుమ్మం ముందే..."

నేను ఆరోగ్యం గదిలోకి దూరాను. గుమ్మం దగ్గర పార్టీ కండువా వేసుకున్న కుర్రాడు చెయ్యి అడ్డం పెట్టాడు. "మేడమ్, లోపల వీడియో అవుతంది. కాసేపాగండి."

వాడి చెయ్యి తోసి వెళ్ళాను. గది మధ్యలో మా వార్మర్. దానికి కరెంటు లేదు. ఆ బిల్డింగుకే కరెంటు లేదు. జనరేటర్ మైకుకీ తెరకీ మాత్రమే. వార్మర్ మీద తెల్ల తువ్వాలు చుట్టి ఒక ప్లాస్టిక్ బొమ్మని పడుకోబెట్టారు. సంతలో దొరికే బొమ్మ, పడుకోబెడితే కళ్ళు మూసుకునే రకం. తెల్లకోటు వేసుకున్న ఒక అమ్మాయి దాని మీద స్టెతస్కోపు పెట్టి నిలబడింది. కెమెరా అబ్బాయి, "మేడమ్, ఫ్రేములోంచి తప్పుకోండి" అన్నాడు.

నాకు ఆ క్షణంలో వచ్చిన కోపం మళ్ళీ ఎప్పుడూ రాలేదు. ఆ బొమ్మని తీసి విసిరేశాను. సొరుగు లాగాను. సొరుగు నిండా పూలదండలు, మంచినీళ్ళ ప్యాకెట్లు. బ్యాగ్ లేదు.

"ఇందులో ఉన్నదేది? రబ్బరు సంచి! ఎక్కడ పెట్టేరు?"

"మాకేటి తెలుసు మేడమ్? సామాన్లన్నీ పక్క గదిలో అట్టపెట్టెలో పడేసేరు."

పక్కది విద్య గది. హైస్కూలు నుంచి తెచ్చిన కంప్యూటర్ల ముందు ఎనిమిదో తరగతి పిల్లలు బుద్ధిగా కూచుని, నల్లటి తెరల్ని చూస్తూ కీలు నొక్కుతున్నారు. నొక్కుతూ ఉండమని ఎవరో చెప్పారు మరి. అక్కడ అట్టపెట్టె లేదు. మూడో గదిలోకి పరుగెత్తాను. కుట్టుమిషన్ల ముందు పదిమంది ఆడవాళ్ళు వరసగా కూచున్నారు. వాళ్ళలో ఒక పెద్దావిడ నన్ను గుర్తుపట్టింది. ఆమె కోడలి కాన్పు నేనే చేశాను.

"ఏటయింది నర్సమ్మా? అలాగున్నావేటి?"

చెప్పాను. ఆవిడ లేచింది. మిగతావాళ్ళూ లేచారు. మూలనున్న పెట్టెలన్నీ బోర్లించారు. బెలూన్లు, రంగు కాగితాలు, తాళ్ళు. నా వెనకే వచ్చిన కండువా కుర్రాడు, "సారు మాట్లాడతన్నారు, గొడవ సెయ్యకండి, కూకోండి" అని అరుస్తున్నాడు.

"నోర్ముయ్‌రా! ఈ మిసన్లు కూడా మావే, ఇంటికాడ నుంచి మోసుకొచ్చేం. నువ్వేటి కూకోమనీది?" అంది పెద్దావిడ. ఆవిడకే దొరికింది, రిబ్బన్ల చుట్టల కింద. బ్యాగూ, మాస్కూ. తీసి నా చేతిలో పెట్టి, "పో తల్లీ, పో" అంది.

బయటికొచ్చేసరికి జనం అందరూ మా వైపే చూస్తున్నారు. లోపలి అరుపులు వినిపించినట్టున్నాయి. అభ్యర్థి వేదిక మీంచి నన్ను చూశాడు. తర్వాత ఆయన మొహం మీద నవ్వు వచ్చింది, మా వరండాలో నవ్విన నవ్వే.

"చూడండి! మన నర్సమ్మగారు! డ్యూటీలో ఉండి కూడా మన ఆస్పత్రి చూడాలని ఎంత ఆత్రంగా పరుగెత్తుకొచ్చారో చూడండి! ఆమెకి గట్టిగా చప్పట్లు కొట్టండి!"

జనం కొట్టారు. ఆయన వెనక కుర్చీలో మా డాక్టరుగారు ఉన్నారు. నా చేతిలో ఏముందో ఆయనకి తెలుసు. దాన్ని పట్టుకుని ఒక నర్సు ఎందుకు పరుగెడుతుందో ఆ సభ మొత్తంలో తెలిసిన మనిషి ఆయనొక్కరే. ఆయనా కొట్టారు. ఆ చప్పట్ల మధ్యలోంచే నేను రోడ్డు మీదికి పరుగెత్తాను.

నేను వచ్చేసరికి బిడ్డ పుట్టేశాడు. మగపిల్లాడు. నేను లెక్కేసుకున్న ముప్పావు గంట పట్టలేదు. పుట్టి ఎనిమిది నిమిషాలైందట. ఏడవలేదు. మా చిన్న నర్సు గుడ్డ అడ్డం పెట్టి తన నోటితో ఊపిరి ఊదుతోంది. ఆయమ్మ అరికాళ్ళు రుద్దుతూ దేవుళ్ళని పిలుస్తోంది. నేను బ్యాగ్ పెట్టాను. నాలుగు నిమిషాలకి గుండె వేగం పెరిగింది. పన్నెండు నిమిషాలకి ఒక మూలుగు మూలిగాడు. ఆ తల్లి తల ఎత్తి, "ఏడిసేడా? ఏడిసేడా సిస్టరమ్మా?" అని అడుగుతూనే ఉంది.

అంబులెన్సు వచ్చింది. చిన్న నర్సు దారి పొడుగునా బ్యాగ్ కొడుతూ కూచుంది. అనకాపల్లిలో చూసి, ఇక్కడ కాదన్నారు. విశాఖపట్నం తీసుకెళ్ళారు. మూడో రోజు తెల్లవారుతుండగా పోయాడు.

తర్వాత జరిగింది కూడా చెప్పాలి. దాన్ని మింగేసి ఊరుకోవడం నాకు చేతకాలేదు. నెల తిరక్కుండా నాకు మెమో వచ్చింది. కాన్పు కేసును వదిలేసి డ్యూటీ సమయంలో రాజకీయ సభకి హాజరైనందుకు. సాక్ష్యం వీడియో. అందులో నేనున్నాను, చప్పట్లు ఉన్నాయి, ఆయన మాటలున్నాయి. విచారణకి వచ్చిన అధికారి పెద్దమనిషే. వీడియో రెండుసార్లు వేసి చూపించి అడిగారు.

"ఇది మీరే కదమ్మా?"

"నేనేనండి. చేతిలో ఏముందో చూడండి."

"అది సరే. పరికరాలు బయటికి పంపడానికి మీకు ఆర్డరెవరిచ్చారు?"

"డాక్టరుగారు నోటితో చెప్పారు."

డాక్టరుగారిని పిలిచారు. ఆయన నా వైపు చూడకుండా చెప్పారు. "నేను చెప్పినట్టు గుర్తులేదండి. సిస్టర్ సీనియర్ కదా, లేబర్ రూం సంగతులు ఆమే చూసుకుంటుంది."

రిజిస్టర్ ప్రకారం వార్మరు ఆ మూడు రోజులూ మా ఆస్పత్రిలోనే ఉంది. బయటికి వెళ్ళిన వస్తువే లేనప్పుడు, దాన్ని తేవడానికి నేను వెళ్ళడమేమిటి? నా సర్వీసు రిజిస్టర్లో అభిశంసన అని రాశారు. ఆ మాట నాకు పెద్దగా తగల్లేదు. ఆ వీడియోలోంచి నేను పరుగెడుతున్న ముక్క కోసి, వెనకాల పాట పెట్టి ఎన్నికల ప్రచారంలో ఊరూరా తిప్పారు. అది తగిలింది. చోడవరం సెంటర్లో బస్సు కోసం నిలబడి ఉంటే ప్రచార బండి తెర మీద నన్ను నేను చూసుకున్నాను. పక్కనున్నామె, "మీలాగే ఉంది కదండీ" అంది.

కానీ వీటన్నిటికీ ముందే, కాన్పైన పదకొండో రోజున, ఆ అమ్మాయి మళ్ళీ వచ్చింది. పాలు గడ్డకట్టి, జ్వరంతో. తాగే బిడ్డ లేడు. వేడినీళ్ళ గుడ్డ పెట్టి, పాలు పిండి తీస్తున్నాను. ఆమె ఏడవలేదు. గోడకేసి చూస్తూ అడిగింది.

"ఆ మిసన్ ఇక్కడే ఉంటే మావోడు బతికీవోడా సిస్టరమ్మా?"

ఏం చెప్పాలి? బతికేవాడేమో. కడుపులోనే దెబ్బతిన్నాడేమో. పుట్టిన మొదటి నిమిషంలోనే బ్యాగ్ పెట్టి ఉంటే అవకాశం ఎక్కువ, అంతవరకు నాకు తెలుసు. మిగతాది ఎవరూ చెప్పలేరు.

"తెలీదమ్మా" అన్నాను.

"మీకే తెలకపోతే ఇంకెవరికి తెలుస్తాది?" అంది. కోపంగా కాదు. నిజంగానే తెలుసుకుందామని అడిగింది. అదే నన్ను ఇప్పటికీ పడుకోనివ్వదు.

ఆ ఎన్నికల్లో ఆయన ఓడిపోయాడు. మా బిడ్డ వల్ల కాదు. ఆ సంగతి పదిమందికి కూడా తెలీదు. కులం లెక్క కుదరలేదన్నారు. షెడ్డులో తర్వాత ఎరువుల బస్తాలు వేశారు. కుట్టుమిషన్ల ఆడవాళ్ళు ఆ సాయంత్రమే తమ మిషన్లు నెత్తిన పెట్టుకుని పోయారు. ఉపాధి ఇప్పిస్తామని వాళ్ళ దగ్గర వేలిముద్రలు వేయించుకున్న దరఖాస్తులు ఏమయ్యాయో ఇప్పటికీ తెలీదు. హైస్కూలు హెడ్మాస్టరు ఒకసారి బస్సులో కలిసి, "మా కంప్యూటర్లు తిరిగొచ్చేయి మేడమ్, పనిచేసేవి తప్ప" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం.

నాకు పార్టీల మీద పట్టింపు లేదు. ఎవరు గెలిచినా మాకు బిందెలతో నీళ్ళు మోయడం తప్పలేదు. నా కోపం వేరే. ఉన్న ఆస్పత్రిని ఖాళీ చేసి, లేని ఆస్పత్రిని చూపించారు. నడుస్తున్న బడిలోంచి తెచ్చి, రాబోయే బడి అన్నారు. ఆడవాళ్ళు సొంతంగా కుట్టుకుని బతుకుతున్న మిషన్ల ముందు వాళ్ళనే కూచోబెట్టి, మీకు బతుకు ఇస్తామన్నారు. ఇందులో అబద్ధం చెప్పినవాడు ఒక్కడే అనుకోకండి. మోసినవాళ్ళం ఉన్నాం. దగ్గరుండి జాగ్రత్తగా వ్యాన్ ఎక్కించినదాన్ని నేనున్నాను. ఎవరైనా వచ్చి మీకు వంద బెడ్లు ఇస్తానంటే, రాత్రి రెండింటికి వాటి పక్కన నిలబడే మనిషి ఎవరని అడగండి. సిగ్గుపడకండి. మర్యాదగా ఉండదేమోనని నేను నవ్వి ఊరుకున్నాను.

ఆయన పార్టీ మారాడు. మొన్నటి ఎన్నికల్లో మళ్ళీ నిలబడ్డాడు. మళ్ళీ వైద్యం, విద్య, వ్యాపారమే. తెర మాత్రం పెద్దదైంది. ప్రచారానికి మా వీధిలోకి వచ్చాడు. నేను గుమ్మంలో బియ్యం ఏరుకుంటున్నాను. చేతులు జోడించి, "అమ్మా, ఆశీర్వదించండి. ఈసారి మండలానికో పెద్దాసుపత్రి తెస్తున్నాం" అన్నాడు. జుట్టు నెరిసింది గానీ నవ్వు మారలేదు.

"నేను నర్సుగా చేసి రిటైరైనానండి" అన్నాను.

"ఎంత గొప్ప సేవ అమ్మా! మీలాంటివాళ్ళ సలహాలు మాకు కావాలి. మా ఆరోగ్య కమిటీ సారు ఇక్కడే ఉన్నారు, మాట్లాడండి" అని పక్కకి చూపించాడు.

పక్కనున్నది మా డాక్టరుగారు. రిటైరయ్యారట. మెడలో కండువా. అభ్యర్థి నన్ను గుర్తుపట్టలేదు. డాక్టరుగారు గుర్తుపట్టారు. మెడ చుట్టూ కండువా సర్దుకున్నారు.

"బాగున్నారా సిస్టర్?"

"బాగున్నాను సార్. ఒక్క చిన్న పని. ఆ గురువారం కాన్పైన అమ్మాయి గుర్తుందా? నన్నొక ప్రశ్న అడిగింది. వార్మరూ బ్యాగూ మన గదిలో ఉండుంటే తన కొడుకు బతికేవాడా అని. నాకు జవాబు తెలీలేదు. మీరు డాక్టరుగారు కదా. ఆమె ఇప్పుడు గాజువాకలో ఉంటంది. అడ్రసు నా దగ్గరుంది, రాసిస్తాను. వెళ్ళి చెప్పండి."

అభ్యర్థి, "ఏమిటమ్మా, ఏదైనా సమస్యా? రాసుకోండయ్యా, రాసుకోండి" అన్నాడు వెనకవాళ్ళతో. ఒక కుర్రాడు ఫోన్ తీసి, "సమస్య ఏటి మేడమ్?" అని నన్ను అడిగాడు. నేను వాడి వైపు చూడలేదు. డాక్టరుగారి వైపే చూశాను. ఆయన అభ్యర్థి వైపు చూశారు. ఈలోగా డప్పులు మోగాయి, జనం ముందుకి తోశారు, అందరూ పక్కింటి గుమ్మం దగ్గరికి వెళ్ళిపోయారు.

నేను లోపలికి వెళ్ళి కాగితం మీద ఆ అడ్రసు రాసి తెచ్చాను. వాళ్ళు వీధి చివర మలుపు తిరిగేదాకా దాన్ని పట్టుకుని గుమ్మంలోనే నిలబడ్డాను. డాక్టరుగారు ఒక్కసారి కూడా వెనక్కి తిరిగి చూడలేదు.